నీటి చావుకు గడి లేని కాగితాలు

విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వదిలిన పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ నిడదవోలు పక్కగా పల్లానికి దిగుతుంది. ఏలూరు కాలువ ఈ ఊరి మీదుగానే తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు సాగుతుంది. మెట్ట నుంచి వచ్చే ఎర్రకాలువ వానాకాలంలో పొంగి ఇదే మండలంలో చేలను ముంచుతుంది. ఇంత నీటి మధ్య ఉన్న ఊళ్లలో నీళ్లు ఇచ్చినదానికి పక్కా లెక్కలున్నాయి. ఎన్ని ఎకరాలు తడిశాయి, ఏ తూముకు ఎంత వదిలారు, నీటి తీరువా ఎంత వసూలైంది, అన్నీ ఏటికేడు పుస్తకాలకెక్కాయి. అవే నీళ్లు తీసిన ప్రాణాలకు అలాంటి వరస లెక్క లేదు. కాగితాలకైతే కొదవ లేదు. నూటయాభై ఏళ్లకు పైగా మునిగి పోయినవాళ్ల మీద యాదాస్తులు, పంచనామాలు, రిజిస్టర్లు పుడుతూనే ఉన్నాయి. అవన్నీ వేరే ప్రశ్నలకు జవాబుగా రాసినవి. ఇప్పుడు అంబులెన్సుల, అత్యవసర విభాగాల రికార్డులను మెషీన్ లెర్నింగ్‌తో చదివించి నీటమునక కేసులను ఏరే పని ప్రపంచంలో పలుచోట్ల మొదలైంది. దీన్ని ఒక కొత్త వింతగా కాక, మునసబు యాదాస్తుతో మొదలైన పాత వరసలో తాజా మెట్టుగా చూసినప్పుడే దాని విలువా, దాని హద్దూ తెలుస్తాయని నా వాదన.

ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు కూడా ఈ గడ్డ మీద జనం మునిగారు. వరదలో, చెరువులో, నూతిలో. కాలువలు వచ్చాక మారింది మనిషికీ నీటికీ మధ్య దూరం. దాదాపు పది లక్షల ఎకరాల డెల్టాకు నీళ్లు తీసుకెళ్లే కాలువ ఊరి నడిబొడ్డునే పారడం మొదలుపెట్టింది. వేసవిలో కాలువలు కట్టేసే కొద్ది వారాలు తప్ప ఏడాది పొడవునా వాకిలి ముందే నిండు ప్రవాహం. బట్టలుతికేది, గేదెలు కడిగేది, బిందె ముంచేది ఒకే రేవులో. పిల్లలు ఎండిన ఆనపకాయ బుర్ర నడుముకు కట్టుకుని అక్కడే ఈత నేర్చారు. 1890లలో రైలు వచ్చేదాకా ఈ కాలువలే రహదారులు. ధాన్యమూ జనమూ పడవల్లోనే పోయేవారు. కాలువ కట్టుబడిలోనే ప్రమాదం ఉందన్నది గమనించాలి. మట్టి గట్టు తడిస్తే కాలు నిలవదు. లాకుల దగ్గర గోడలు నిట్టనిలువుగా ఉంటాయి. పడ్డవాడికి పట్టు దొరకదు. తూము నోటి దగ్గర నీరు కిందినుంచి లాగుతుంది, పైకి చూస్తే నిశ్చలంగా కనిపిస్తుంది. జార్జి వాల్చ్ 1896లో గోదావరి డెల్టా ఇంజనీరింగు పనుల మీద పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. ఒక లాకు గోడకు ఎంత రాయి పట్టిందో తెలుసుకోవడానికి ఆధారం ఉంది. ఆ గోడ దగ్గర ఎందరు మునిగారో చెప్పే పుస్తకం ఏ ఇంజనీరూ రాయలేదు, ఏ కలెక్టరూ రాయించలేదు.

మునిగిన మనిషి మీద పుట్టే మొదటి కాగితం పోలీసుది. తలారి కబురు తెస్తే మునసబు కదిలేవాడు, మునసబు రాసి పంపితే పోలీసులు వచ్చేవారు, నలుగురు పెద్దమనుషుల ముందు శవ పంచనామా జరిగేది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నుంచి 1898 కోడ్‌కూ, దాని నుంచి 1973 కోడ్‌లోని 174వ సెక్షన్‌కూ, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోని 194వ సెక్షన్‌కూ ఈ ఏర్పాటు పెద్ద మార్పు లేకుండానే వచ్చింది. ఆ సెక్షన్ ఏమడుగుతుందో కాస్త దగ్గరగా చూడండి. మనిషి ఆత్మహత్య చేసుకున్నాడా, మరొకరు చంపారా, జంతువు చంపిందా, యంత్రం చంపిందా, ప్రమాదమా, లేక అనుమానించాల్సిందేమన్నా ఉందా అని అడుగుతుంది. ఒంటి మీద గాయాలు, విరిగిన ఎముకలు, కమిలిన గుర్తులు వర్ణించమంటుంది. అవి ఏ ఆయుధంతో, ఎలా అయినట్టు కనిపిస్తున్నాయో చెప్పమంటుంది. నీళ్లలో పోయిన మనిషి ఒంటి మీద చాలాసార్లు ఏ గాయమూ ఉండదు. ఆయుధమూ ఉండదు. తప్పు ఎవరిది అనే ప్రశ్నకు ఎవరిదీ కాదని తేలగానే ఆ కాగితం పని అయిపోయింది. నీటి లోతెంత, గట్టు ఎందుకు జారింది, పక్కన ఎవరున్నారు, బయటికి తీయడానికి ఎంతసేపు పట్టింది అన్నవి రాయాలన్న నియమం లేదు. అయినా ఇంటివాళ్లూ రేవులోని సాక్షులూ చెప్పినవి పంచనామా కథనంలోకి ఎంతో కొంత జారి వస్తూనే ఉంటాయి. ఈ వాదనకు మూలం అదే: చట్టం అడగనిది కూడా కథ చెబుతుంది.

రెండో కాగితం కరణం రాసిన చావుల రిజిస్టరు. మద్రాసు రాజధానిలో జననమరణాల నమోదు పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఊరూరా పాకింది. 1899లో దానికి ప్రత్యేక చట్టమే వచ్చింది. కరణం ముందున్న గడులు కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, గాయాలు, ఇతరములు. గాయాల కింద మళ్లీ ఆత్మహత్య, దెబ్బ లేదా ప్రమాదం, పాముకాటు లేదా అడవి మృగం. అంటువ్యాధులకు భయపడి పెట్టిన గడులు కాబట్టి కలరాకు సొంత ఇల్లు దొరికింది. పాముకూ పులికీ కూడా దొరికింది. కాలువకు దొరకలేదు. దెబ్బ లేదా ప్రమాదం అన్న గడిలో కొబ్బరిచెట్టు మీంచి పడినవాడి పక్కనే కాలువలో పడినవాడు చేరిపోయాడు. ఆపైన ఊరి లెక్క తాలూకాకు, తాలూకా లెక్క జిల్లాకు, జిల్లా లెక్క మద్రాసుకు పోతుంటే ప్రతి మెట్టు దగ్గరా కథ రాలి అంకె ఒక్కటే మిగిలింది.

ఆ అంకెనైనా నమ్ముకుని వరస కడదామంటే జిల్లా కాళ్లకింద కదిలిపోతుంది. నిడదవోలు ప్రాంతం మొదట గోదావరి జిల్లాలో ఉండేది. 1904లో నదికి పడమటి తాలూకాలు కృష్ణా జిల్లాకు పోయాయి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో నిడదవోలు తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. కాలువ గట్టు అంగుళం కదల్లేదు. అక్కడి చావులు మటుకు మూడుసార్లు జిల్లా మారాయి. జిల్లా అంకెలతో ఈ గట్టు చరిత్ర రాయడం అందువల్లే సాగదు. కాలువ పేరు, లాకు పేరు, రేవు పేరు ఉన్న వాక్యాలతో రాయవచ్చు. చరిత్రకారుడికి ఇక్కడ కావలసింది అంకె కంటే వాక్యం, అంకె ఆ తర్వాత దానంతట అదే వస్తుంది.

స్వతంత్రం వచ్చాక ఫారాలు మారాయి, గడి తర్కం మారలేదు. 1969లో దేశమంతటికీ జననమరణాల నమోదు చట్టం వచ్చింది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులే పోయాయి. జాతీయ స్థాయిలో 1967 నుంచి ఏటా వచ్చే ప్రమాద మరణాలు, ఆత్మహత్యల నివేదిక పోలీసు కాగితాల మీదే నిలబడింది. అందులో నీటమునకను పడవ బోల్తా, నీళ్లలో ప్రమాదవశాత్తూ పడటం, ఇతరత్రా అని చీలుస్తారు. 2022లో ఆ ఖాతాలో దేశం మొత్తం మీద 38,000కు పైగా మరణాలున్నాయి. పడినవాడు లాకు దగ్గర పడ్డాడా, రేవులో పడ్డాడా, వరిచేను గట్టు మీంచి బోదెలో పడ్డాడా అన్నది ఆ మూడింటిలో ఎక్కడా తెలియదు. వైద్యుల అంతర్జాతీయ వర్గీకరణ ఇంకా సన్నగా కోస్తుంది కానీ ముక్కలను వేర్వేరు అరల్లో పెడుతుంది. పదో సవరణలో ప్రమాదవశాత్తూ మునగడం డబ్ల్యు65 నుంచి డబ్ల్యు74 వరకు. పడవ బోల్తా పడితే వి90. తానుగా దూకితే ఎక్స్71. తుపాను, వరద అయితే ఎక్స్37, ఎక్స్38. ఏదో తేలకపోతే వై21. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి పదివేల మంది దాకా పోయారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది నీళ్లే, చరిత్రలో వాళ్లు తుపాను మృతులు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటకుల పడవ మునిగినప్పుడు పోయినవాళ్లు పడవ ప్రమాద మృతులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాదాపు 3,00,000 మంది మునిగి చనిపోయారని అంచనా వేసింది. వరదల్లో, పడవ ప్రమాదాల్లో పోయినవారూ, తామై దూకినవారూ ఆ సంఖ్యలో లేరు. డెల్టాలో మనుషులు మునిగే దారులు సరిగ్గా ఇవే.

మునిగి బతికినవాళ్ల సంగతి మరీ అన్యాయం. కచ్చులూరులో 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. రేవుల్లో ఏటా ఎందరో నీళ్లు మింగి, ఎవరో జుట్టు పట్టి లాగితే ఒడ్డున పడుతున్నారు. పంచనామాకు శవం కావాలి, రిజిస్టరుకు చావు కావాలి. బతికినవాడికి ఎక్కడా చోటు లేదు. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ మహాసభలో నిపుణులు ఒక నిర్వచనం మీద నిలిచారు. ద్రవంలో మునగడం వల్ల శ్వాసకు ఆటంకం కలిగే ప్రక్రియ మొత్తాన్నీ నీటమునక అనాలనీ, దాని ఫలితం మరణమూ కావచ్చు, జబ్బూ కావచ్చు, ఏ హానీ లేకపోవడమూ కావచ్చుననీ వాళ్ల మాట. ఆ నిర్వచనం పట్టుకుని వెతికితే, డెల్టాలో బతికినవాళ్లు కనబడగల కాగితం ఒక్కటే తోస్తుంది: అంబులెన్సు రికార్డు.

అక్కడికి వెళ్లేముందు మధ్యలో జరిగిన ఒక మంచి పనిని చెప్పుకోవాలి. ఈ శతాబ్దం మొదట్లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్, కేర్ ఆస్పత్రి వంటి సంస్థలు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం నడిపాయి. దాదాపు 1,80,000 జనాభాలో ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మనిషి ఎలా పోయాడని అడిగి రాసుకున్నారు. ఆ కథనాలను శిక్షణ పొందిన వైద్యులు చదివి కారణం నిర్ణయించారు. గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతం, గాయాలూ ఇతర బాహ్య కారణాలూ 13 శాతం అని తేలింది. కరణం గడుల్లో జ్వరం కింద పోయిన పల్లె చావుకు కథ తిరిగి దొరికింది. తర్వాత, 2011లో ఫలితాలు వెలువడిన మరో అంతర్జాతీయ అధ్యయనానికి భారతదేశంలో ఎంచుకున్న రెండు చోట్లలో ఒకటి ఆంధ్రప్రదేశ్, మరొకటి ఉత్తరప్రదేశ్. మెక్సికో, ఫిలిప్పీన్స్, టాంజానియాల్లో మిగతావి. ఆస్పత్రిలో కారణం రూఢిగా తెలిసిన మరణాలను తీసుకుని, ఇంటివాళ్లను అడిగి, పన్నెండు వేలకు పైగా కథనాలు పోగుచేశారు. ఆ కథనాల నుంచి కంప్యూటరు మరణకారణం పట్టుకోగలదా అని పరీక్షించారు. ఆ కారణాల పట్టికలో నీటమునక ఉంది. తెలుగు ఇళ్లలో చెప్పిన చావు కథలు ఇలాంటి యంత్రాలకు పాఠాలు నేర్పి పదిహేనేళ్లు దాటింది. ఈ విద్య మనకు పరాయిది కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై రాష్ట్రమంతా పాకింది. ఫోన్ ఎత్తినవారు కేసును ఒక రకం కింద వేస్తారు. బండి వచ్చాక అందులోని అత్యవసర వైద్య సహాయకుడు (ఈఎంటీ) చూసినదీ చేసినదీ రాస్తాడు, ఎక్కువగా ఇంగ్లీషులో, పొడి అక్షరాల్లో. ఒక రికార్డు ఇలా ఉందనుకుందాం: ముప్ఫై ఏళ్ల మగమనిషి, స్పృహ లేదు, నాడి అందడం లేదు, నోట నురగ, బట్టలు తడి, కాలువ గట్టు మీద పడుకోబెట్టి ఉన్నాడు, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాం. పైనున్న గడిలో 'అపస్మారకం' అని ఉంటుంది. గడుల్ని మాత్రమే లెక్కపెట్టే కంప్యూటరుకు ఇక్కడ నీళ్లే లేవు. మునక అన్న మాట కోసం వెతికే కంప్యూటరుకూ దొరకదు, ఆ మాట ఎవరూ రాయలేదు కనుక. నిపుణులు చదివి ఇది మునక, ఇది కాదు అని గుర్తుపెట్టిన వందల రికార్డులను ముందు చూసిన కంప్యూటరు తడి బట్టలు, నురగ, గట్టు అన్నవి ఒకచోట చేరినప్పుడు ఏమవుతుందో నేర్చుకుంటుంది. తప్పులూ నేర్చుకుంటుంది. అప్పుల్లో మునిగి పురుగుమందు తాగినవాణ్ని కాలువలో మునిగినవాడనుకోవచ్చు. గట్టు మీద బండి జారి కాలు విరిగినవాణ్ని, 'నీళ్లలో పడలేదు' అని స్పష్టంగా రాసి ఉన్నా, నీళ్లు అన్న మాట చూసి లాక్కోవచ్చు.

అరుదైన సంగతిని వెతకడంలో ఈ తప్పుల బరువు ఎక్కువ. లెక్క కోసం, పదివేల రికార్డుల్లో నిజమైన మునకలు ఇరవై అనుకుందాం. కంప్యూటరు వాటిలో 18 పట్టుకుని, మిగతా 9,980లో నూటికి ఒకటి చొప్పున పొరపడితే దాదాపు వంద తప్పుడువి వస్తాయి. చేతికొచ్చిన 118లో నిజం 18. ఇది చూసి యంత్రం పనికిరాదనేవాళ్లు ఒక సంగతి మరుస్తున్నారు. పదివేలు చదవాల్సిన మనిషి ఇప్పుడు 118 చదివితే చాలు. తీర్పు మనిషిదే, వెతుకులాట యంత్రానిది. గోదావరి పల్లెల్లో వైద్యులు చేసిన పనిని ఇది తీసేయదు, వాళ్ల ముందుకు సరైన కట్ట తెచ్చిపెడుతుంది. చేజారిన రెండింటి మాటేమిటంటే, ఎప్పటికప్పుడు కొన్ని రికార్డులను ఏ వడపోతా లేకుండా మనుషులు చదివి చూడాల్సిందే. ఆ ఖర్చు తప్పించుకుంటే లెక్క మళ్లీ కరణం గడిలాగే అవుతుంది.

పోలీసుల లెక్క ఉండగా ఇదెందుకన్న ప్రశ్నకు బతికినవాళ్లే జవాబు. అయితే ఆ ప్రశ్నను తిప్పి అడిగితే దానికి బలం వస్తుంది. రేవులోనే ప్రాణం పోయినవాణ్ని 108 సాధారణంగా ఎక్కించుకోదు, కాబట్టి అంబులెన్సు రికార్డు ఒక్కటే చదివితే చనిపోయినవాళ్లలో చాలామంది తప్పిపోతారు. ఇది నిజం. పంచనామా కథనాన్నీ అంబులెన్సు కథనాన్నీ ఒకే యంత్రం ముందు పెట్టనిదే ఈ గట్టు లెక్క పూర్తికాదు. అలా పెట్టేటప్పుడు పేరూ ఇంటి నంబరూ తీసేయడం కనీస ధర్మం. చిన్న ఊళ్లో తేదీ, రేవు చాలు మనిషిని పోల్చుకోవడానికి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఉద్దేశం గురించినది. ఆత్మహత్యా ప్రయత్నం ఈ దేశంలో చాలాకాలం నేరం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ శిక్షను దాదాపు పక్కన పెట్టింది. తరతరాలుగా కుటుంబాలు 'కాలు జారింది' అని చెప్పడానికి బలమైన కారణాలున్నాయి: పోలీసు స్టేషను, ఊరి నోరు, ఆడపిల్లల పెళ్లి సంబంధాలు. రికార్డులోని మాటల నుంచి ఎవరు జారారో ఎవరు దూకారో కంప్యూటరు ఊహిస్తే, అది చాలా ఇళ్లలో మరో గాయం. అందుకే దాన్ని నీళ్ల వల్ల ఊపిరి ఆగిందా లేదా అన్న ప్రశ్నకే కట్టేయాలి. గట్టుకు రెయిలింగు వేయడానికి, లాకు గోడకు ఇనుప మెట్లు బిగించడానికి, రేవులో తాడు వేలాడదీయడానికి ఉద్దేశంతో పనిలేదు. జారినవాడికైనా దూకినవాడికైనా పట్టు అందితే బతికే అవకాశం ఒకటే.

డెల్టాలో కాలువ ప్రమాదమని పసిపిల్లకూ తెలుసు, దీనికి లెక్కలేమిటన్న మాట కూడా వినిపిస్తుంది. ప్రమాదమని తెలియడం వేరు, ఏ లాకు దగ్గర, ఏ నెలలో, ఏ వయసువాళ్లకు అన్నది తెలియడం వేరు. ఇంకొకటి ఉంది. మునిగినవాణ్ని ఒడ్డుకు తెచ్చి తలకిందులుగా వేలాడదీసి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటు ఇప్పటికీ పోలేదు. దానివల్ల కడుపులోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది, ఊపిరి ఊదడానికి ఉన్న కొద్ది నిమిషాలూ జారిపోతాయి. ఎవరు ఒడ్డుకు తెచ్చారు, తెచ్చినవాళ్లు మొదట ఏం చేశారు అన్న రెండు ముక్కలు రికార్డులో ఉంటే, ఏ ఊళ్లో ఆ అలవాటు బలంగా ఉందో, ఎక్కడ ఊపిరి ఊదడం నేర్పాలో తెలుస్తుంది. ఫోన్ చేసినవాడు ఆ సంగతి తెలుగులో చెప్పే ఉంటాడు. 'కాలవలో కొట్టుకుపోతుంటే లాగాం, పొట్ట నొక్కాం, నీళ్లు కక్కాడు, ఊపిరాడట్లేదు' అన్న మాట ఫోన్ ఎత్తిన చోట ఒక గడిగా మారి, బండిలో ఇంగ్లీషు పొడి అక్షరాలుగా మారి, చివరికి ఏమీ మిగలదు. ఆ తెలుగు వాక్యాన్ని తెలుగులోనే, చెప్పింది చెప్పినట్టు, రికార్డులో ఒక వరుసగా ఉంచాలి. యంత్రాలు ఇప్పుడు తెలుగు చదవగలవు. నిడదవోలు మాట కూడా చదవాలంటే నిడదవోలు వాక్యాలు వాటికి చూపించాలి.

అలా దొరికిన తేదీలను పక్కన పెట్టి చూడటానికి మరో పుస్తకం సిద్ధంగానే ఉంది. విజ్జేశ్వరం హెడ్ స్లూయిస్ దగ్గర ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో నీటిపారుదల శాఖ రాసుకుంటుంది, జూన్‌లో తొలి నీళ్లు వదిలిన రోజు నుంచి వేసవిలో కాలువలు కట్టేసే రోజు దాకా. కొన్నేళ్ల మునకలను ఆ పుస్తకంతో తేదీ తేదీకి సరిపోల్చితే, నీరు పెంచిన రోజుల్లో, తెల్లారేసరికి రేవు మెట్లు రెండు మునిగిపోయిన రోజుల్లో ప్రమాదం పెరుగుతోందా లేదా అన్నది తేలుతుంది. పెరుగుతుందని తేలితే ముందురోజు సాయంత్రమే దిగువ ఊళ్లలో టముకు వేయించడానికి లస్కర్లున్నారు, పంచాయతీలున్నాయి, సచివాలయాలున్నాయి. ఒక శాఖ నీటి లెక్కనూ మరో శాఖ మనిషి లెక్కనూ ఒకే బల్ల మీద పెట్టే పని 1852 నుంచి ఇప్పటిదాకా ఈ కాలువల మీద ఎవరికీ అప్పగించలేదు.